అంగుళం ఎత్తితే... అరడజను పనులు!

పాత పికప్‌ని పైకి లేపి పెద్ద టైర్లు వేస్తే చూపులకు రాజసమే. మరి బ్రేకుల సంగతి? స్టీరింగ్ సంగతి? ఎదురుగా వచ్చేవాళ్ల సంగతి?

1985లో విడుదలైన హాలీవుడ్ సినిమా 'బ్యాక్ టు ద ఫ్యూచర్' గుర్తుందా? అందులో కుర్ర హీరో మార్టీ కాలంలో వెనక్కి వెళ్తాడు, ముప్పుతిప్పలు పడి తిరిగొస్తాడు. అంతా అయ్యాక అతణ్ని మురిపించేది తన గ్యారేజీలో నిలబడి ఉన్న ఓ నల్లటి టొయోటా పికప్! ఆ బండికి అమెరికాలో ఇప్పటికీ అభిమానులున్నారు. నలభై ఏళ్ల పాతవి వెతికి మరీ కొని, కింద 'లిఫ్ట్ కిట్' బిగించి, పెద్ద పెద్ద టైర్లు వేసి కొండల మీదికి తోలుకెళ్తుంటారు. పిల్లల దగ్గరికని టెక్సాస్ వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లు కూడా 'నిచ్చెన వేసుకుని ఎక్కాలేమో' అనిపించే అలాంటి పికప్‌లను వీధిలో చూసే ఉంటారు.

చూడ్డానికి తేలికే. నాలుగు స్ప్రింగులు మార్చి, నాలుగు టైర్లు వేస్తే సరిపోదూ? సరిపోదు! బండిలో ఒకటి కదిపితే ఇంకో ఐదు కదులుతాయి. వాటినీ సరిచేస్తే అది కొండలెక్కే బండి. సగంలో వదిలేస్తే రోడ్డు మీద అందరికీ ముప్పు.

లేచేది ఏది?

లిఫ్ట్ కిట్లలో ప్రధానంగా రెండు రకాలు. మొదటిది బాడీ లిఫ్ట్. ఛాసిస్‌కీ పైనున్న బాడీకీ మధ్య అదనపు దిమ్మెలు పెట్టి, బాడీని మాత్రమే పైకి లేపుతారు. ఖర్చు తక్కువ. రెండోది సస్పెన్షన్ లిఫ్ట్. ఇందులో ఛాసిస్ కూడా లేస్తుంది. 1985 వరకూ అమెరికాలో అమ్మిన ఫోర్‌వీల్ డ్రైవ్ టొయోటా పికప్‌లకు మన లారీల్లాగే ముందూ వెనకా ఒకే నిడివి ఇరుసు, దాని మీద కమాన్ కట్టలు ఉండేవి. అందుకే వాటిని ఎత్తడం సులువు. ఎక్కువ వంపున్న కొత్త కమాన్లు వేస్తే బండి లేస్తుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. లిఫ్ట్ కిట్ వేసినంత మాత్రాన బండి అడుగు భాగమంతా లేవదు. ఇరుసు మధ్యలో గుండ్రంగా వేలాడే డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. రాయికి ముందుగా తగిలేది అదే. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే! లిఫ్ట్ కిట్ చేసే పనల్లా ఆ పెద్ద టైరు బాడీకి రాసుకోకుండా చోటివ్వడం.

లెక్క చూద్దామా?

28 అంగుళాల టైరు తీసి 33 అంగుళాలది వేశారనుకోండి. పెరిగింది 5 అంగుళాలు. కానీ ఇరుసు టైరు మధ్యలో ఉంటుంది కాబట్టి అది లేచేది సగమే... రెండున్నర అంగుళాలు. దీనికి 4 అంగుళాల లిఫ్ట్ కలిపితే బాడీ మొత్తం ఆరున్నర అంగుళాలు పైకి వెళ్తుంది. అంటే రాళ్ల దగ్గర లాభం రెండున్నర అంగుళాలైతే, పైన బరువు లేచింది ఆరున్నర అంగుళాలన్నమాట!

మరో తమాషా ఉంది. పెద్ద టైరు ఒక్క చుట్టు తిరిగితే ఎక్కువ దూరం పోతుంది. స్పీడోమీటరుకు ఆ సంగతి తెలియదుగా! పై టైర్ల లెక్కలో, అసలు మీటరు సరిగ్గా ఉన్న బండే అయినా, ముల్లు 60 దగ్గర ఉంటే బండి దాదాపు 71 వేగంతో పోతుంటుంది. ఓడోమీటరూ అంతే, తిరిగిన దూరం తక్కువ చూపిస్తుంది.

ఇంజిన్ కూడా ఆయాసపడుతుంది. పాత పికప్ ఇంజిన్‌కి అసలే బలం తక్కువ. పెద్ద టైరు వేస్తే పై గేరులో లాగలేదు. అందుకే ఇరుసులోని గేర్లు మారుస్తారు. ముందు నిష్పత్తి 4.10 ఉంటే, ఈ టైర్లకు 4.88 వేస్తే బండి దాదాపు పాత ఓపికతో లాగుతుంది. టైరుతో పోలిస్తే ఈ గేర్ల పనికే ఎక్కువ నైపుణ్యం కావాలి. అందుకే చాలామంది దీన్ని వాయిదా వేస్తుంటారు!

బ్రేకు, స్టీరింగ్, షాఫ్టు...

బండి లేచాక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య దూరం పెరుగుతుంది. ఆ మధ్యలో ఉన్నవన్నీ సాగాలి. బ్రేకు ఆయిల్ వెళ్లే రబ్బరు గొట్టాలు మొదట గమనించాల్సినవి. చక్రం గుంతలోకి దిగినప్పుడు పాత గొట్టం చాలకపోతే తెగుతుంది. బ్రేకు పోతుంది. కాబట్టి పొడవాటి గొట్టాలు తప్పనిసరి. షాకబ్జర్లు కూడా పొడవువే వెయ్యాలి.

ప్రొపెల్లర్ షాఫ్టు వాలు ఎక్కువై జాయింట్లు తొందరగా అరుగుతాయి, వేగంలో బండి వణుకుతుంది. స్టీరింగ్ రాడ్డు కూడా వాలిపోతుంది. అప్పుడు గుంతలో పడిన ప్రతిసారీ బండి తనంతట తానే పక్కకు లాగుతుంది. దానికీ విడిగా భాగాలు మార్చాలి, ఆపైన అలైన్‌మెంట్ చూపించాలి.

బ్రేకులకు ఇంకో కష్టం. 33 అంగుళాల టైరును అదే దూరంలో ఆపాలంటే 28 అంగుళాల టైరుతో పోలిస్తే సుమారు 18 శాతం ఎక్కువ బలం కావాలి. టైరు బరువు దీనికి అదనం.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం బోల్తా. దీనికో చిన్న సూత్రం ఉంది. రెండు చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని, బండి గరిమనాభి ఎత్తుతో భాగించాలి. వచ్చే అంకె ఎంత తక్కువైతే బండి అంత సులువుగా పల్టీ కొడుతుంది. వెడల్పు 56, ఎత్తు 28 అంగుళాలైతే జవాబు 1. గరిమనాభి 5 అంగుళాలు లేస్తే అదే 0.85కి పడిపోతుంది. మలుపులో అకస్మాత్తుగా స్టీరింగ్ తిప్పినప్పుడు ఆ తేడా తెలుస్తుంది!

ముందు తుప్పు చూడాలి

పాత బండి కదా, అసలు ఎముక గట్టిగా ఉందా? అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది ఛాసిస్‌ని లోపలి నుంచి తినేస్తుంది. 1995-2000 మోడళ్ల టకోమా పికప్‌ల ఫ్రేములు తుప్పు పడుతున్నాయని 2008లో టొయోటా వాటి తుప్పు వారంటీని 15 ఏళ్లకు పొడిగించింది. బాగా పాడైన వాటిని తానే తిరిగి కొనుక్కుంది. కొత్త కమాన్లూ బరువైన టైర్లూ మోయాల్సింది ఆ ఫ్రేమే. అందుకే తెలిసిన మెకానిక్ సుత్తితో ఛాసిస్‌ని తట్టి చూస్తాడు. ఖంగుమంటే సరే. బొద్దుగా మోగితే కిట్ కొనడం మానుకోవాలి.

మంచు మీద తేలిపోతూ...

అలాగని పెద్ద టైర్లన్నీ షోకు కోసమే కాదు. ఐస్‌లాండ్‌లో అవి అవసరం. అక్కడ హిమానీనదాల మీద 38 అంగుళాలు, అంతకన్నా పెద్ద టైర్లున్న పికప్‌లు తిరుగుతుంటాయి. మెత్తటి మంచు రాగానే డ్రైవర్లు టైర్లలో గాలి తీసేస్తారు. ఒక్కోసారి 3, 4 పౌండ్ల దాకా! టైరు రొట్టెలా పరుచుకుని, బరువు ఎక్కువ చోటికి పంచుకుని, కూరుకుపోకుండా సాగుతుంది. తప్పిపోయినవాళ్లను వెతికే అక్కడి స్వచ్ఛంద రక్షణ బృందాలు ఇలాంటి బళ్లనే వాడతాయి. ఐస్‌లాండ్‌కు చెందిన ఆర్కిటిక్ ట్రక్స్ సంస్థ తీర్చిదిద్దిన టొయోటా హైలక్స్‌లోనే 2007లో బీబీసీ 'టాప్ గేర్' బృందం ఉత్తర అయస్కాంత ధ్రువ యాత్ర చేసింది.

ఎదుటివాళ్ల మాటేమిటి?

బండి లేస్తే హెడ్‌లైట్లూ లేస్తాయి. వాటిని కిందికి దించి సరిచేయకపోతే ఎదురొచ్చే కారు డ్రైవరు కళ్లలో కొడతాయి. బానెట్ ఎత్తయ్యేకొద్దీ దాని ముందు నుంచి దాటే చిన్నపిల్లలు కనిపించరు. అమెరికాలో రహదారి భద్రత మీద పనిచేసే బీమా సంస్థల పరిశోధనా కేంద్రం 2023లో ఓ అధ్యయనం వెలువరించింది. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బళ్లు ఢీకొంటే, 30 అంగుళాల లోపు ఎత్తుండి ముందుకు వాలుగా ఉన్న బళ్లతో పోలిస్తే పాదచారులు చనిపోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువట!

ముందు భాగాన్ని లేపి, వెనకభాగాన్ని దించే ఫ్యాషన్ ఒకటి అక్కడి కుర్రకారును ఊపేసింది. డ్రైవరుకు రోడ్డు బదులు ఆకాశం కనిపించే వేషమది! ముందు ఫెండరు వెనక దానికన్నా 4 అంగుళాలు, అంతకుమించి ఎత్తుండకూడదంటూ నార్త్ కరోలినా 2021లో చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. ఆ తర్వాత వర్జీనియా, సౌత్ కరోలినా కూడా అదే దారి పట్టాయి.

మన దగ్గర...

హైదరాబాద్‌లో, విజయవాడలో జీపులకు పెద్ద టైర్లు వేసే ముచ్చట మనకూ ఉంది. అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం స్పష్టం చేసింది. చెప్పకుండా చేసిన మార్పులు బీమా క్లెయిము దగ్గరా చిక్కు తెస్తాయి. కాబట్టి ఇంట్లో కుర్రాడు టైర్లు మారుస్తానంటే మొదట చేయించాల్సిన పని ఆర్‌సీ చూసి, తయారీదారు అనుమతించిన సైజు ఏదో తెలుసుకోవడం.

చట్టం ఒప్పుకునే చోటైనా వరస ఒకటే. మొదట తుప్పు. తర్వాత బ్రేకు, స్టీరింగ్. ఆపైన గేర్లు, లైట్లు. అందరూ చూసి మురిసిపోయే టైర్లు... అన్నిటికన్నా చివర! ఎంత ఎత్తుకు లేచినా, బండి ఆగాల్సింది నేల మీదేగా.