టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ ఎందుకు?

పంటి పైపొరను ఎనామిల్ అంటారు. మన శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం ఇదే. ఎముక కూడా దీని తర్వాతే. దీని బరువులో దాదాపు 96 శాతం ఖనిజం. కాల్షియం, ఫాస్ఫేట్‌లతో ఏర్పడిన ఆ స్ఫటికాల పేరు హైడ్రాక్సీఅపటైట్. అయితే ఈ పొరలో జీవకణాలు లేవు. అందుకే విరిగిన ఎముక అతుక్కుంటుంది గాని, గుంత పడిన ఎనామిల్ మళ్లీ పెరగదు.

పళ్ల మీది పాచిలో ఉండే బాక్టీరియా మనం తిన్న చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. అక్కడ పీహెచ్ సుమారు 5.5 కన్నా తగ్గితే ఎనామిల్‌లోని ఖనిజాలు కరిగి బయటికి వస్తాయి. కాసేపటికి లాలాజలం ఆ ఆమ్లం జోరు తగ్గించి, ఖనిజాలను తిరిగి పంటికి చేరుస్తుంది. ఈ పోవడం, రావడం రోజూ జరిగేదే. పోయేది ఎక్కువైతే పన్ను పుచ్చుతుంది.

ఫ్లోరైడ్ అవసరం ఇక్కడే. పళ్లు తోముకున్నప్పుడు అది లాలాజలంలో కలిసి, పంటి ఉపరితలానికి పట్టి, ఖనిజాలు త్వరగా తిరిగి చేరేలా చేస్తుంది. కొత్తగా ఏర్పడే స్ఫటికంలో తానూ భాగమవుతుంది. అలాంటి స్ఫటికం పీహెచ్ ఇంకా కిందికి, దాదాపు 4.5కు పడేదాకా తట్టుకుంటుంది. అందుకే తోముకున్నాక నురుగు ఉమ్మేస్తే చాలు. వెంటనే నీళ్లతో పదేపదే పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది.

మోతాదు మించితే మాత్రం ఇదే ఫ్లోరైడ్ కీడు చేస్తుంది. నల్గొండ ప్రాంతంలో భూగర్భజలాల్లోని అధిక ఫ్లోరైడ్ ఎంతోమంది పళ్లపై మచ్చలు తెచ్చింది, ఎముకలను వంచేసింది. కాబట్టి పేస్టు మింగకూడదు. మూడేళ్లు దాటిన పిల్లలకు బఠాణీ గింజంత పేస్టు సరిపోతుంది.