సముద్రం ఎరుగని నదులు

కాబూల్ నగరానికి పడమట సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉనాయి అనే కనుమ ఒకటి ఉన్నది. పెంకుటింటికి వెన్నుదూలం ఎటువంటిదో ఆ కొండలకు ఆ కనుమ అటువంటిది. తూర్పు వాలున పడిన మంచు కరిగి కాబూల్ నది అవుతుంది. అది జలాలాబాద్ మీదుగా సాగి, అటక్ దగ్గర సింధునదిలో కలిసి, చివరకు అరేబియా సముద్రాన్ని చేరుతుంది. పడమటి వాలున పడిన మంచు హెల్మంద్ నదిలో చేరి, 1,100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, ఇరాన్ సరిహద్దున ఉన్న ఎడారిలో లోతులేని సరస్సులుగా పరచుకొని, అక్కడే ఆవిరైపోతుంది. ఒకే రాత్రి, ఒకే మేఘం నుంచి రాలిన మంచుకు ఒక అడుగు అటైతే ఒక గతి, ఇటైతే మరొక గతి.

సముద్రానికి మన భాషలో సరిత్పతి అన్న పేరున్నది. నదులన్నిటికీ అతడే భర్త అని మన కావ్యాల భావన. ఈ మాటను ఆఫ్ఘనిస్తాన్ ప్రజల భాషలోకి మార్చవలసి వస్తే అనువాదకుడు కొంతసేపు కలం పక్కన పెట్టి ఆలోచించక తప్పదు. ఆ దేశంలో పెద్ద నదీ పరీవాహక ప్రాంతాలు ఐదు. వాటిలో సముద్రంతో సంబంధం ఉన్నది కాబూల్ నదికీ, దానివలెనే సింధువులో కలిసే కుర్రం, గోమల్ వంటి చిన్న నదులకూ మాత్రమే. తక్కినవి ఇసుకలోనో, ఉప్పు కయ్యలోనో, ఎండిపోయిన అరల్ సముద్రపు దారిలోనో అంతరించిపోతాయి. అక్కడ నది అంటే సముద్రానికి పోయేది కాదు, దారిలో ఖర్చయిపోయేది. ఖర్చయ్యే వస్తువుకు లెక్క కావాలి. ఆ లెక్క దగ్గరనే కథంతా ఉన్నది.

ఆదాయం ఎంతో ముందు చూద్దాం. ఆఫ్ఘనిస్తాన్ విస్తీర్ణం సుమారు 6,52,000 చదరపు కిలోమీటర్లు. దేశం మొత్తం మీద ఏటా కురిసే వాన, మంచు కలిపి సగటున 300 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. కరువు సీమగా పేరుపడిన మన అనంతపురంలో సగటు 550 మిల్లీమీటర్లు. నైరుతి మూల ఎడారులలోనైతే 100 మిల్లీమీటర్లు కూడా పడవు. అయినా ఆ దేశం వేల సంవత్సరాలుగా గోధుమ, ద్రాక్ష, దానిమ్మ పండిస్తున్నదంటే అది వాన పుణ్యం కాదు, మంచు పుణ్యం. దేశంలోని నీటిలో నూటికి 80 వంతులకు పైగా 2,000 మీటర్లకు పైబడిన హిందూకుష్ ఎత్తుల నుంచే దిగివస్తుంది. చలికాలంలో గడ్డకట్టిన నీరు ఏప్రిల్ నుంచి జూన్ వరకు మెల్లమెల్లగా కరుగుతుంది. కాలువలోకి నీరు రావలసిన వేళకే వస్తుంది. మనుషులెవరూ కట్టని జలాశయమది. కాబూల్ బంగారం లేకపోయినా బ్రతుకుతుంది గాని మంచు లేకపోతే బ్రతకదని అక్కడివారి సామెత. మంచుకు వారి మాట ‘బర్ఫ్’. మన మిఠాయి బర్ఫీ ఆ మాటకు పుట్టిన బిడ్డే.

వాతావరణం వేడెక్కిన కొద్దీ ఈ జలాశయానికి గండిపడుతున్నది. మంచుగా పడవలసినది వానగా పడుతున్నది. పడిన మంచు కూడా తొందరగా కరుగుతున్నది. ఫలితంగా వసంతంలో వరదలు, పైరు గింజ పట్టే వేళ ఎండిన కాలువలు. 2018లోనూ, 2021లోనూ తీవ్రమైన కరువు. 2024 మే నెలలో బాగ్లాన్ ప్రాంతాన్ని ముంచెత్తిన వరదలో 300 మందికి పైగా మరణం. ఇవి రెండూ ఒకే వ్యాధికి రెండు లక్షణాలు.

దేశం నడిబొడ్డున బామియాన్ ప్రాంతంలో, సముద్రమట్టానికి దాదాపు 3,000 మీటర్ల ఎత్తున, బంద్-ఎ-అమీర్ అనే ఆరు సరస్సులున్నాయి. ఎర్రని కొండల నడుమ గాఢమైన నీలం. వీటి గట్లు ఎవరూ పోసినవి కావు. ఊటనీటిలో కరిగి ఉన్న సున్నం పొరలు పొరలుగా పేరుకొని నిట్టనిలువు గోడలైంది. ఆ గోడలే సరస్సులను నిలబెట్టాయి. హజ్రత్ అలీ మహిమ వల్ల వెలసినవని స్థానికుల విశ్వాసం. ఒక సరస్సు పేరు బంద్-ఎ-పనీర్, మరొకటి బంద్-ఎ-పుదీనా. ఈ పేర్లకు తెలుగు పాఠకునికి నిఘంటువు అక్కరలేదు. ‘బంద్’ అంటే కట్ట. హైదరాబాదు ట్యాంక్‌బండ్‌లో ఉన్నది ఆ మాటే. 2009లో ఇది ఆ దేశపు మొట్టమొదటి జాతీయ ఉద్యానమైంది. 2023 ఆగస్టులో తాలిబాన్ ప్రభుత్వం స్త్రీలు అక్కడికి పోరాదని ఆజ్ఞాపించింది. ఆ నీలిరంగును చూసే హక్కు ఇప్పుడు పురుషులకు మాత్రమే మిగిలింది.

ఈ సరస్సుల నుంచి పొర్లిన నీరే ఉత్తరానికి దిగి బల్ఖ్ నది అవుతుంది. మైదానం చేరగానే దానిని కాలువలుగా చీల్చారు. ఆ ప్రాంతానికి ‘హజ్దా నహర్’, అనగా పద్దెనిమిది కాలువలు, అన్నది పూర్వపు పేరు. అన్ని కాలువలుగా చీలిన నదికి కొస ఎక్కడుంటుంది? ఆమూ దరియాను చేరకుండానే ఇసుకలో ఇంకిపోతుంది. ఈ కాలువల మీద అజమాయిషీ ‘మీరాబ్’ది. తెలంగాణ పల్లెలలో చెరువు తూము దగ్గర నీరటికాడు చేసిన పని దాదాపు ఇదే. మీరాబ్‌ను రైతులే ఎన్నుకుంటారు. జీతం ధాన్యం రూపంలో ఇస్తారు. కాలువ కొసన భూమి ఉన్నవానికే ఈ పని అప్పగించడం కొన్నిచోట్ల ఆనవాయితీ. తన చేను తడవాలంటే పైవారందరి పొలాలు దాటుకొని నీరు రావాలి కనుక, మధ్యలో ఎవరు గండి కొట్టినా అతడు ఊరుకోడు. శివారు ఆయకట్టు రైతు బాధ తెలిసిన మనకు ఈ ఏర్పాటులోని తెలివి విడమరచి చెప్పనక్కరలేదు.

నది లేని చోట కారేజ్ ఉన్నది. కొండ పాదాన ఒక తల్లిబావి తవ్వి, దానిలోని ఊటను స్వల్పమైన వాలుతో సాగే సొరంగం ద్వారా కిలోమీటర్ల దూరంలోని ఊరికి రప్పిస్తారు. సొరంగం పొడుగునా గాలికీ, మట్టి తోడడానికీ వరుసగా గుంతలు. బహమనీల కాలంలో పారసీక దేశపు ఈ విద్య బీదరు వరకు వచ్చింది. నౌబాద్ దగ్గర ఆ సొరంగాన్ని ఇప్పటికీ చూడవచ్చు. కొండ ఎంత ఇస్తే అంతే పుచ్చుకోవడం కారేజ్ స్వభావం. గత పదేళ్ళ పైచిలుకులో సూర్యరశ్మితో నడిచే బోరు పంపులు దక్షిణ ప్రాంతాలలో విరివిగా వెలిశాయి. పగలంతా ఖర్చు లేకుండా నీరు పైకి వస్తుంటే ఆపేవారెవరు? భూగర్భజలం దిగిపోతున్నది, కారేజ్‌లు ఎండుతున్నాయి.

ఇక హెల్మంద్. అవెస్తా గ్రంథంలో దీని పేరు హయెతుమంత్. సంస్కృతంలోని ‘స’కారం ఆ భాషలో ‘హ’కారమవుతుంది, సింధు హిందువైనట్లు, సప్తాహం హఫ్తా అయినట్లు. ఆ సూత్రాన్ని తిరగవేస్తే హయెతుమంత్ ‘సేతుమంత’ అవుతుంది, అంటే కట్టలు గల నది. దీని ఉపనది అర్ఘందాబ్ ప్రాచీన నామం హరహ్వతి; అది మన సరస్వతి. హెరాత్ మీదుగా పోయే హరీరూద్ పేరులో ఉన్నది సరయువు. వేదకాలపు నది ఏది, ఎక్కడ అన్న వివాదం పండితులది. దాని జోలికి నేను పోను. పేర్లు మాత్రం అక్కచెల్లెళ్ళు. కట్టలు గలది అని వేల ఏళ్ళనాడే పేరు పడిన నది మీద నేడు జరుగుతున్న తగవు కట్టల గురించే కావడం విచిత్రం.

ఆధునిక కాలంలో దీని మీద పెద్ద కట్టలు వేసినది అమెరికా ఇంజనీర్లు. 1952లో అర్ఘందాబ్ మీద దహ్లా, 1953లో హెల్మంద్ మీద కజకీ పూర్తి అయ్యాయి. ఎడారిని సస్యశ్యామలం చేసి సంచార జాతులను వ్యవసాయంలో స్థిరపరచాలన్నది ఆశయం. నీరు వచ్చింది గాని, నేల అడుగున గట్టిపొర ఉండడం వలన పారిన నీరు దిగక నిలిచింది. మురుగు కాలువల మాట ముందుగా ఎవరూ పట్టించుకోలేదు. నాద్-ఎ-అలీ, మర్జా ప్రాంతాలలో భూములు చౌడుదేరాయి. తరువాతి దశాబ్దాలలో ఆ కాలువల కిందనే నల్లమందు పంట విస్తరించి, హెల్మంద్ పేరు లోకంలో నది పేరుగా కాక గసగసాల పేరుగా మారుమోగింది. ఆ పంటను 2022 ఏప్రిల్‌లో నిషేధించారు.

ఈ నది ఆఖరి మజిలీ సీస్తాన్. సరిహద్దుకు ఇరువైపులా పరచుకొన్న హామూన్ అనే మూడు సరస్సులు నీరున్న కాలంలో ఒకటై, చేపలకూ పక్షులకూ జమ్ముకూ ఆలవాలంగా ఉండేవి. జమ్ముతో అల్లిన తెప్పల మీద చేపలు పట్టేవారు, ఆ జమ్ము మేపి పశువులను పెంచేవారు అక్కడి ప్రజలు. వేసవిలో నాలుగు నెలలు విడవకుండా వీచే గాలికి ‘నూట ఇరవై రోజుల గాలి’ అని పేరు. సరస్సు నిండుగా ఉన్నప్పుడు అదే గాలి నీటి మీదుగా వీచి ఊళ్ళను చల్లబరచేది. 1998లో మొదలైన కరువులో హామూన్ పూర్తిగా ఎండిపోయింది. గాలి మాత్రం మానలేదు. ఎండిన సరస్సు అడుగున ఉన్న మెత్తని ఉప్పుమన్నును లేపి ఇళ్ళ మీదా, పొలాల మీదా, మనుషుల ఊపిరితిత్తులలోనూ పోస్తున్నది. పల్లెలకు పల్లెలు వలసపోయాయి.

ఇక్కడ నీటి పంపకం ఈనాటి సమస్య కాదు. 1872లో గోల్డ్‌స్మిడ్, 1905లో మెక్‌మహాన్ అనే బ్రిటిష్ అధికారులు మధ్యవర్తులై తీర్పులు చెప్పారు. తగవు తీరలేదు. చివరకు 1973 మార్చిలో రెండు దేశాల ప్రధానులు కాబూల్‌లో ఒప్పందంపై సంతకాలు చేశారు. కృష్ణా జలాలపై బచావత్ ట్రిబ్యునల్ నివేదిక వెలువడినదీ ఆ ఏడాదే. ఇరాన్‌కు సెకనుకు 22 ఘనపు మీటర్లు హక్కుగా, మరి 4 ఘనపు మీటర్లు సోదరభావంతో: మొత్తం 26. మన లెక్కలో చెప్పాలంటే 918 క్యూసెక్కులు, ఏడాదికి సుమారు 29 టి.ఎం.సి.లు. బచావత్ ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించినది 800 టి.ఎం.సి.లు. ఇంత కొద్దిపాటి నీటి కోసం రెండు దేశాలు శతాబ్దం పైగా వాదులాడుకున్నాయంటే, ఆ నేల మీద చుక్క విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

ఒప్పందంలో మెలిక ఒకటున్నది. ఆ 26 ఘనపు మీటర్లు మామూలు సంవత్సరానికి. నీరు తగ్గిన ఏడాది వాటా కూడా ఆ మేరకు తగ్గుతుంది. తగ్గిందీ లేనిదీ తేల్చేది కజకీకి ఎగువన దెహ్రావుద్ దగ్గరి కొలమానం. కాగితం మీద ఇంతకంటె న్యాయమైన ఏర్పాటు లేదు. కాని కొలమానం ఉన్నది ఎగువవాని ఇంట్లో. ఒప్పందమైన నాలుగు నెలలకే కాబూల్‌లో రాజరికం కూలింది. తరువాత ఇరాన్‌లో విప్లవం, ఆఫ్ఘనిస్తాన్‌లో నలభై ఏళ్ళ యుద్ధం. కొలతలు చూసే తీరిక ఎవరికుంటుంది?

2021 మార్చిలో అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ హెల్మంద్ దిగువన కమాల్‌ఖాన్ ఆనకట్టను ప్రారంభించి, ఇకమీదట ఉచితంగా నీరు పోదు, కావాలంటే చమురు ఇవ్వండి అన్న ధోరణిలో మాట్లాడారు. ఆయన ప్రభుత్వం అయిదు నెలలలో పోయింది, ఆనకట్ట ఉన్నది. మిగులు నీటిని తమకు వదలక గౌద్-ఎ-జిర్రే అనే ఉప్పుపల్లంలోకి మళ్ళిస్తున్నారని ఇరాన్ ఆరోపణ. కొండల మీద మంచు లేనిదే మేమెక్కడి నుంచి తెచ్చేదని తాలిబాన్ జవాబు. 2023 మేలో సరిహద్దున కాల్పులు జరిగి ఇరుపక్కలా ప్రాణాలు పోయాయి. నా మట్టుకు నాకు ఇరువురి వాదనలోనూ నిజం కనిపిస్తుంది. యుద్ధాలలో చితికిపోయిన పేద దేశం తన నీటిని తాను వాడుకోవాలనుకోవడం తప్పెలా అవుతుంది? తరతరాలుగా ఆ నీటి మీదనే బ్రతికిన సీస్తాన్ జాలరి మాత్రం ఏ నేరం చేశాడు?

తక్కిన నదులదీ ఇదే వరుస. హరీరూద్ మీద సల్మా ఆనకట్ట పని 1976లో మొదలై యుద్ధంలో ఆగిపోగా, భారత ప్రభుత్వం చేపట్టి పూర్తి చేసింది. 2016 జూన్ 4న ప్రారంభమైన ఈ మైత్రీ ఆనకట్ట 42 మెగావాట్ల విద్యుత్తుకూ, 75,000 హెక్టార్ల సాగుకూ ఉద్దేశించినది. మనం పంపిన యంత్రసామగ్రి ఇరాన్ రేవులో దిగి, ఇరాన్ రోడ్ల మీదుగానే అక్కడికి చేరింది. ఆ నది దిగువన ఇరాన్, తుర్క్‌మెనిస్తాన్‌లు కలిసి కట్టుకొన్న జలాశయం నుంచి మష్హద్ నగరానికి త్రాగునీరు వెళ్తుంది. ఆ జలాశయం పేరు దోస్తీ. ఎగువనున్న ఆఫ్ఘనిస్తాన్‌ను మాత్రం ఆ దోస్తీలో చేర్చుకోలేదు. ఉత్తరాన ఆమూ దరియా నుంచి 285 కిలోమీటర్ల ఖోష్‌తెపా కాలువ తవ్వకం 2022లో మొదలైంది. సోవియట్ కాలంలో పత్తి కోసం ఆ నదిని పీల్చి అరల్ సముద్రాన్ని ఎండబెట్టిన దిగువ గణతంత్రాలు ఇప్పుడు ఆందోళన పడుతున్నాయి.

కాబూల్ నది సంగతి మరింత చిక్కుముడి. 2021 ఫిబ్రవరిలో కాబూల్ నగర త్రాగునీటి కోసం షాతూత్ ఆనకట్ట కట్టడానికి భారతదేశం ఒప్పందం చేసుకొన్నది. ఆగస్టులో ప్రభుత్వమే మారిపోయింది. ఈ నదికి అత్యధికంగా నీరు తెచ్చే కునార్ పుట్టేది పాకిస్తాన్‌లోని చిత్రాల్ కొండలలో. అక్కడి నుంచి ఆఫ్ఘనిస్తాన్‌లో ప్రవేశించి, జలాలాబాద్ దగ్గర కాబూల్‌లో కలిసి, మళ్ళీ పాకిస్తాన్‌లోకే పోతుంది. అంటే ఒక దేశమే ఇక్కడ ఎగువదీ, దిగువదీ. ఈ నీటి పంపకంపై రెండు దేశాల మధ్య ఇంతవరకు ఒక్క ఒప్పందం కూడా లేదు.