ముందు లెక్క, తర్వాత బొంత

అక్కలారా!

ఎండాకాలంలో వీధిలో ఒక కేక వినబడుతుంది. "పాత బట్టలకు స్టీలు సామాన్లు!" మనం నాలుగు చీరలు ఇస్తాం. ఒక గిన్నె తీసుకుంటాం. ఆ చీరలతో ఎన్ని బొంతలు అవుతాయో ఎప్పుడైనా లెక్క వేశామా? రండి, ఇప్పుడు వేద్దాం.

ఎన్ని చీరలు కావాలి?

చీర పొడవు సుమారు 6 గజాలు. గజానికి 2 మూరలు. అంటే 12 మూరలు. మనిషి పడుకోవడానికి 4 మూరలు చాలు. కాబట్టి ఒక చీరకు 3 ముక్కలు వస్తాయి. చీర పన్నా సుమారు రెండున్నర మూరలు. అదే బొంత వెడల్పు.

ఒక ముక్క అంటే ఒక పొర. 2 చీరలకు 6 పొరలు. ఒకరికి బొంత అయింది. 4 చీరలకు 2 బొంతలు. గిన్నె కావాలో, బొంతలు కావాలో ఇప్పుడు మీరే తేల్చుకోండి.

ఏ చీరలు మంచివి?

మెత్తబడిన నూలు చీరలు మంచివి. చెమట పీలుస్తాయి. నైలాను, పాలిస్టరు చీరలు వద్దు. నిప్పు తగిలితే అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి.

రంగు దిగుతుందేమో చూడండి. చెంగు తడిపి తెల్లగుడ్డతో రుద్దితే తెలిసిపోతుంది. గంజి పోయేదాకా ఉతకండి. గంజి ఉంటే పురుగు చేరుతుంది. ఎండలో బాగా ఆరబెట్టండి.

గట్టి ముక్కలు పైకి, కిందికి వేయండి. చిరుగులు ఉన్నవి మధ్యలో పెట్టండి.

దారం ఎంత?

రెండు వేళ్ల ఎడంతో పొడుగునా కుట్టుకుంటూ పోతే సుమారు 30 వరుసలు వస్తాయి. ఒక్కో వరుస 4 మూరలు. మొత్తం 120 మూరలు, అంటే 60 గజాలు. రెండు పోగుల దారం కాబట్టి 120 గజాలు. చుట్టూ అంచుకు, ముడులకు కలిపి 160 గజాలు అనుకోండి. గజం కంటే మీటరు కాస్త పెద్దది. అందుకే 150 మీటర్లు సరిపోతుంది. రీలు మీద ఎన్ని మీటర్లో రాసి ఉంటుంది. చదివి చూసి కొనండి. మనకు చదువు వచ్చింది కదా!

ఎలా కుట్టాలి?

నేల ఊడ్చి చాప పరవండి. పొరలు ముడతలు లేకుండా పరిచి, అక్కడక్కడా పెద్ద కుట్లు వేయండి. అప్పుడు పొరలు జరగవు. తర్వాత నడిమి నుంచి అంచులకు కుట్టుకుంటూ రండి.

పని మొదలుపెట్టేటప్పుడు సూదులు లెక్కపెట్టండి. ఆపేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. సూది విరిగితే రెండు ముక్కలూ దొరకాలి. బొంతలో ఉండిపోతే పడుకున్న బిడ్డకు గుచ్చుకుంటుంది.

ఎన్ని రోజులు?

ఉతికి ఆరబెట్టడానికి 2 రోజులు. కోసి పరవడానికి 1 రోజు. రోజుకు 2 వరుసల చొప్పున 15 రోజులు. అంచుకు 2 రోజులు. మొత్తం 20 రోజులు. మృగశిర కార్తె జూన్ 8 దగ్గర వస్తుంది. మే 15న మొదలుపెడితే వానలకు ముందే బొంత చేతికి వస్తుంది. మధ్యలో జ్వరం వచ్చినా, కూలి పని దొరికినా నాలుగు రోజులు చేతిలో ఉంటాయి.

మన కష్టం విలువ

ఇలాంటి బొంతనే మహారాష్ట్రలో గోధడి అంటారు. బెంగాల్‌లో కాంథా అంటారు. కాంథా కుట్టిన బట్టలు పట్నాల దుకాణాల్లో మంచి ధర పలుకుతాయి. పాతగుడ్డకు విలువ తెచ్చింది ఆడవాళ్ల చేతి పనే.

ఎవరికైనా కుట్టి పెడితే "ఏదో ఒకటి ఇవ్వండి" అనకండి. ఎన్ని రోజులు కుట్టారో, రోజుకు ఎన్ని గంటలో, దారం ఖర్చు ఎంతో రాసుకోండి. ఆ కాగితం చూపించి కూలి అడగండి. నోటి లెక్క కాదనగలరు గానీ, రాసిన లెక్క కాదనడం కష్టం.

ఈ రోజే మీ నోటుబుక్కులో రాయండి: చీరలు ఎన్ని? దారం ఎంత? మొదలుపెట్టే తేదీ ఏది? బొంత ఎవరికి?