బడిసొమ్ము - ఇంటిసొమ్ము

సర్కారుబడికి జీతము లేకున్నను జూన్ మాసమున నోటుపుస్తకములు, పెన్సిళ్లు, సంచి యనుచు మన యింటిపద్దులో ఏదో యొక ఖర్చు చేరుచునే యుండును. బడికి ప్రభుత్వ మిచ్చు సొమ్మునకును ఈ పద్దునకును గల సంబంధము విచిత్రమైనది.

2005లో అవిభక్త ఆంధ్రప్రదేశమున నొక శోధన యారంభమయ్యెను. ఐదు జిల్లాల పల్లెలలో చీట్లెత్తినట్లుగా నూరు ప్రాథమిక పాఠశాలల నెంచి, పిల్లవానికి ఏటికి 125 రూపాయల చొప్పున గ్రాంటు నిచ్చిరి. గోడలకు, కట్టడములకు వాడరాదు. పిల్లల చేతికి వచ్చు వస్తువులకే వాడవలెను. పలకలు, నోటుపుస్తకములు, అభ్యాసపుస్తకములు కొనిరి. మొదటియేడు సొమ్ము తలవని తలంపుగా వచ్చినది. ఇంటివారు తమ ఖర్చు తాము చేసియే యుండిరి. పిల్లల చదువు మెరుగుపడెను. రెండవయేడు బడియే యిచ్చునని ముందే తెలిసినది. ఇంటివారు ఆ మేరకు చేయి వెనుకకు దీసిరి. చదువున చెప్పదగిన లాభము కానరాదయ్యెను. 2013లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి.

ఇందుకు తల్లులను నిందించుట మాకు సమ్మతము గాదు. మిగిలిన రూపాయలు పప్పునకో మందునకో పోయి యుండును. సంసారమునకు మేలే జరిగినది. చదువునకు మాత్రము గాదు.

మఱి చదువునకు దేనివలన మేలు? అదే శోధనలో వేఱొక నూరు బడులకు అదనముగా ఒక్కొక్క కాంట్రాక్టు ఉపాధ్యాయు నిచ్చిరి. ఆ పిల్లలు రెండేండ్ల తరువాతను ముందంజలోనే యుండిరి. (ఆ ఉపాధ్యాయుల జీతము తక్కినవారి జీతములో నైదవవంతునకు లోపు. అది న్యాయమా యనునది వేఱు ప్రశ్న.) నోటుపుస్తకము తల్లి కొనగలదు గాని, పంతులును అంగడిలో కొని తేలేదు గదా!

2009 విద్యాహక్కు చట్టము ననుసరించి సర్కారుబడి యాజమాన్య కమిటీలో ముప్పాతికమంది తల్లిదండ్రులో సంరక్షకులో యుండవలెను. మొత్తము సభ్యులలో సగము స్త్రీలు. గ్రాంటుల వినియోగమును కనిపెట్టుట వీరి విధి. కాని పెక్కుచోట్ల మన సోదరీమణులు సంతకమునకే పరిమితులగుచున్నారని మా యనుమానము. గ్రాంటు స్వల్పమే: 2018 సమగ్ర శిక్షా నిబంధనలలో నూటికి మించి 250 వఱకు పిల్లలున్న బడికి ఏటికి 50,000 రూపాయలు. దానితో పంతులు రాడు; నియామకము ప్రభుత్వము చేతిలోనిది. అయినను కమిటీ వ్రాయు మూడేండ్ల అభివృద్ధి ప్రణాళికలో అదనముగా నెందఱు ఉపాధ్యాయులు కావలెనో లెక్కగట్టి చూపవలెనని 2010 కేంద్ర నియమములు చెప్పుచున్నవి. సంతకమునకై ఆ కాగితములు మీ చేతికి వచ్చినప్పుడు ముందుగా ఆ పుటను తీసి చూడుడు.