కానరాని దెబ్బ - నష్టపరిహారము

ఆటో బోల్తాపడిన చోట కూలీ లేచి, దుమ్ము దులుపుకొని, ఇంటికి నడచిపోవుట మనము చూచుచునే యున్నాము. ఎముక విరగలేదు, నెత్తురు కారలేదు. మెడ, నడుము పట్టివేయుట మరునాడో, ఆ మరునాడో మొదలగును. ఈలోగా పెద్దమనుషులు కూర్చుండి కొద్ది రూపాయలకు రాజీ కాగితము వ్రాయింతురు. ఇది తొందరపాటు.

పైకి కానరాని దెబ్బకు ఆస్పత్రి చీటియే గట్టి సాక్ష్యము. ప్రమాదము జరిగిననాడే చూపించుకొని, నొప్పి ఎక్కడ నున్నదో వైద్యునిచే వ్రాయించుకొనవలెను. పోలీసులకు ఫిర్యాదు చేసి నకలు తీసికొనవలెను.

ఎదుటి డ్రైవరు అజాగ్రత్త వలన దెబ్బ తగిలినచో, 1988 మోటారు వాహనముల చట్టము 166వ సెక్షను క్రింద ట్రిబ్యునలుకు దరఖాస్తు చేయవచ్చును. తాము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలే చాలును. 2022 ఏప్రిల్ 1 నుండి అమలైన సవరణలో ఆరు నెలల గడువు విధించిరి, జాగు చేయరాదు.

వైద్యుడు వ్రాసిన అంగవైకల్య శాతమే సంపాదన నష్టపు శాతము కానక్కరలేదని రాజ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పినది. ఎడమచేయి పోయిన డ్రైవరుకు బ్రతుకుతెరువే పోవచ్చును. గుమాస్తాకు ఉద్యోగము నిలువవచ్చును. నడుమునకూ అదే లెక్క. వంగి నాటు వేయలేని, బస్తా ఎత్తలేని కూలీకి మిగిలిన పని యేమి? కనుక ఏ పని చేసెడివారో, కూలి యెంతో మేస్త్రీచేత, రైతుచేత సాక్ష్యము చెప్పించుట ముఖ్యము.

ట్రాక్టరు యజమానులకొక మాట. ట్రైలరులో కూలీలను ఎక్కించినపుడు ప్రమాదము జరిగినచో, బీమా కంపెనీ తనకు బాధ్యత లేదని వాదించును. ఆ వాదము నెగ్గినచో సొమ్ము యజమానియే చెల్లించుకొనవలెను.