జత కట్టని సగాలు

అమీర్‌పేట హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పాఠకుడొకరు అడిగారు: "బిళ్ళగన్నేరు ఆకుల్లోంచి కేన్సర్ మందు తీస్తారట కదండీ? మా మేడ మీద రెండు కుండీల నిండా ఉంది. కషాయం కాచి తాగితే పనిచేస్తుందా?"

చేయదు. పైగా అది విషపు మొక్క, తాగొద్దు. జవాబు అక్కడితో సరి. ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు, ఎందుకంటే మందు మాట నిజమే. ఆయన హాస్టల్‌కు కూతవేటు దూరంలోని పంజాగుట్ట నిమ్స్ వంటి ఆసుపత్రుల్లో రక్త కేన్సర్‌కు నరంలోకి ఎక్కించే విన్‌క్రిస్టిన్, దానికి అతి దగ్గరి విన్‌బ్లాస్టిన్ ఈ మొక్కవే. కణం రెండయ్యేటప్పుడు క్రోమోజోములను చెరో వైపుకు లాగే సన్నటి గొట్టాలను ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్ కడుతుంది. ఈ మందు ఆ ప్రొటీన్ ముక్కల మధ్య చీలలా దిగుతుంది. గొట్టం నిలబడదు, విభజన మధ్యలోనే ఆగి కణం చస్తుంది.

దీన్ని కనుక్కున్నవాళ్లు వెతికింది దీన్ని కాదు. 1952లో కెనడా డాక్టరు క్లార్క్ నోబుల్‌కు జమైకా నుంచి కవర్లో కాసిని ఆకులొచ్చాయి. అక్కడ చక్కెర జబ్బుకు వాటితో టీ కాచుకుంటారు. ఈ క్లార్క్ ఎవరనుకున్నారు? 1921లో ఇన్సులిన్ ప్రయోగాలకు బాంటింగ్ దగ్గర ముందు ఎవరు చేరాలని వేసిన బొమ్మా బొరుసులో చార్లెస్ బెస్ట్‌తో ఓడిపోయిన విద్యార్థి! ఆకులు తమ్ముడు రాబర్ట్‌కు చేరాయి. నోటితో పట్టిస్తే జంతువుల్లో చక్కెర కదల్లేదు. రక్తంలోకి ఎక్కిస్తే ఎలుకలు ఇన్‌ఫెక్షన్లతో చచ్చాయి, తెల్ల కణాలు పడిపోయాయి. మరొకరైతే ఆకులు పారేసేవారు. తెల్ల కణాలు విచ్చలవిడిగా పెరిగే జబ్బు లుకేమియా అని రాబర్ట్‌కు తట్టింది. 1958కల్లా ఆయనా, సహచరుడు చార్లెస్ బీరూ విన్‌బ్లాస్టిన్‌ను విడదీశారు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు వందల కిలోల ఎండుటాకు కావాలి. ఎందుకంటే మందు రెండు సగాలు: కాథరాంథిన్, విండొలిన్. ఆకులో ఈ సగాలు బోలెడు, జతలే అరుదు. కెనడాలోనే బ్రాక్ విశ్వవిద్యాలయంలో డి లూకా బృందం ఆకును క్లోరోఫామ్‌లో ముంచి తీసింది. పైనున్న మైనంతో పాటు కాథరాంథిన్ ఊడి వచ్చింది, విండొలిన్ లోపలే ఉండిపోయింది. ఓహో, రెండింటినీ మొక్క కావాలనే ఎడంగా ఉంచుతోందని 2010లో ప్రకటించారు. ముచ్చటైన కథే. కానీ 2023లో జర్మనీ మాక్స్ ప్లాంక్ శాస్త్రజ్ఞులు ఆకును విడివిడి కణాలుగా చేసి ఒక్కో కణాన్నీ పరీక్షిస్తే, ఇడియోబ్లాస్ట్ అనే ప్రత్యేక కణాల్లో రెండూ కలిసే కాపురముంటున్నాయి! తయారీ మొదలయ్యేది ఈనెల దగ్గరి కణాల్లో, నడిచేది ఆకు పైపొరలో, ముగిసేది ఈ కణాల్లో. ఇంత ప్రయాణం చేసి ఒకే గదిలో చేరినా, జత కట్టేవి నామమాత్రం.

వేపాకు గాజు పళ్లెంలో కేన్సర్ కణాలను చంపిందంటూ వచ్చే వార్తల్లో ఈ లెక్కలేవీ ఉండవు. ఆకులో ఎంత ఉంది, రక్తంలోకి ఎంత వెళ్తుంది, ఎవరూ అడగరు. బిళ్ళగన్నేరు మందులు రెండింటినీ మన దేశంలో 1984లో సిప్లా, పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల (ఎన్‌సీఎల్) కలిసి తయారుచేశాయి. 2022లో డెన్మార్క్, బర్క్‌లీ పరిశోధకులు ముప్పైకి పైగా మొక్క జన్యువులను ఈస్టులో పెట్టి రెండు సగాలనూ దానిచేతే చేయించారు. జత కట్టే పని మాత్రం ఈస్టు చేయలేదు, రసాయనశాస్త్రజ్ఞులు ఫ్లాస్కులో కట్టారు.