తుప్పు వదిలింది... తుర్రుమంది!

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ముప్ఫై ఏళ్లు దాటిన స్పోర్ట్స్ కారుని ఇంట్లో బాగుచేసి చూడమని మాత్రం అనలేదు. వాళ్లకి ఆ అవసరం రాలేదు మరి! నాకు వచ్చింది. అమెరికాలో డెట్రాయిట్ శివార్లలో ఉంటాం. రెండు కార్లు పట్టే మా గరాజ్‌లో సగం చోటుని పద్నాలుగు నెలలపాటు 1992 నాటి మజ్దా మియాటా ఆక్రమించేసింది. అమెరికన్ కార్లకి పుట్టిల్లు లాంటి ఊళ్లో ఉంటూ జపాన్ కారు మీద ఈ మోజేంటని పక్కింటాయన అడిగాడు. ఊళ్లో ఉన్న మా అమ్మయితే ‘మజ్దా అంటే మన స్కూలు వ్యానే కదరా, దానికింత హడావుడి ఏంటి?’ అంది. అమ్మనీ తప్పు పట్టలేం. మన రోడ్ల మీద ఆ పేరు ఎక్కువగా కనిపించింది స్వరాజ్ మజ్దా బళ్ల మీదే. ఆ కంపెనీయే ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారునీ తయారుచేసిందంటే మనవాళ్లు చాలామంది నమ్మరు.

విలేకరి అడిగాడు... కంపెనీ చేసింది

1970ల చివర్లో బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటో విలేకరి మజ్దా అధికారి కెనిచి యమమోటోని కలిశాడు. మాటల్లో ‘మేం ఎలాంటి కారు చేస్తే బాగుంటుంది?’ అన్న ప్రశ్న వచ్చింది. పైకప్పు తీసేసి నడుపుకునే, తేలికైన, చవకైన రెండు సీట్ల కారు చేయమన్నాడు హాల్. అలాంటి కార్లకి అప్పటిదాకా బ్రిటన్ పెట్టింది పేరు. ఎంజీ, ట్రయంఫ్, లోటస్ ఎలాన్... నడుపుతుంటే మహా సరదాగా ఉండేవి. కాకపోతే ఆయిల్ కార్చేవి, వానొస్తే మొరాయించేవి. పైగా ఒక్కొక్కటే కనుమరుగైపోతున్న రోజులవి. ఆ సరదాకి జపాన్ నమ్మకాన్ని జోడిస్తే ఎలా ఉంటుందన్నదే ఆలోచన. తర్వాత హాల్ కూడా మజ్దాలోనే చేరాడు. పదేళ్ల తర్వాత, 1989 ఫిబ్రవరిలో, షికాగో ఆటో షోలో ఆ కారు జనం ముందుకొచ్చింది. అమెరికాలో మియాటా, యూరప్‌లో ఎంఎక్స్-5, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్... కారు ఒక్కటే, పేర్లు మూడు.

కాగితం మీద చూస్తే ఏముంది? 1.6 లీటర్ ఇంజిన్, 116 హార్స్‌పవర్. ఇవాళ హైదరాబాద్ ట్రాఫిక్‌లో కనిపించే క్రెటా పెట్రోల్ ఇంజిన్ బలమూ ఇంచుమించు అంతే. కిటుకంతా బరువులో ఉంది. మియాటా టన్ను కూడా తూగదు. ఇంజిన్ ముందు, లాగే చక్రాలు వెనక, బరువు ముందూ వెనకా దాదాపు సమానం. ఈ ప్రాజెక్టుని నడిపించిన తోషిహికో హిరాయ్ బృందం ఒక పాత జపాన్ మాటని పట్టుకుంది- ‘జింబా ఇత్తయి’. అంటే గుర్రమూ రౌతూ ఒక్కటైపోవడం. మొదటి తరం కారు 1997 దాకా తయారైంది. నాలుగు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అన్ని తరాలూ కలిపి 2016లో పది లక్షలు దాటాయి.

పైన పటారం...

మిషిగన్‌లో పాత కారు కొంటున్నామంటే కొనేది కారుని కాదు, దాని తుప్పుని. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే దాదాపు 1,200 అడుగుల లోతున ఓ ఉప్పు గని ఉందంటే ఆ ఉప్పుకి కరువుండదని వేరే చెప్పాలా!

నేను చూసిన కారుకి అడిగిన ధర 4,200 డాలర్లు. ఎర్ర రంగు నిగనిగలాడుతోంది. మీట నొక్కితే కప్పకళ్లలాంటి హెడ్‌లైట్లు ఠక్కున లేచాయి. 1990, 91 తొలినాళ్ల కార్లకి క్రాంక్‌షాఫ్ట్ ముందు కొస పొట్టిగా ఉండి, అక్కడి కీ వదులై ఇంజిన్‌కే ఎసరు పెట్టేది. 1992 కారుకి ఆ గండం లేదు. కానీ వంగి కింద చూస్తే తాజాగా పూసిన నల్లటి పూత! ముప్ఫై ఏళ్ల కారుకి అడుగున మాత్రం కొత్త పూత ఎందుకు పడిందంటే కారణం ఒకటే. స్క్రూడ్రైవర్ పిడితో తలుపు కింద తట్టుకుంటూ వెళ్లా. ముందు వైపు ‘ఠంగ్’మంది. వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి అట్టపెట్టె మీద కొట్టినట్టు ‘డబ్’మంది. ‘అబ్బే, తుప్పే లేదు’ అంటున్న అమ్మకందారుకి ఆ రెండు చప్పుళ్లూ మళ్లీ వినిపించా. బేరం 2,600 దగ్గర తెగింది. పైన పటారం, లోన లొటారం అని తెలిసే తెచ్చుకున్నా.

ఇంటికొచ్చాక వైర్ బ్రష్‌తో పూత గీకితే రెండు వైపులా చెయ్యి దూరేంత కన్నాలు. బాడీ వర్క్‌షాప్ ఆయన చూసి ‘నాలుగు వేల డాలర్లవుతుంది. కారు అంత చేయదు, వదిలెయ్’ అన్నాడు. పాత కార్లని విడదీసి అమ్మే వ్యాపారి ఒకాయన ‘2,500 ఇస్తా, ఇంజిన్, గేర్‌బాక్స్, హెడ్‌లైట్లు విడివిడిగా అమ్ముకుంటా’ అన్నాడు. ఆయన లెక్క తప్పేం కాదు. ఇలాంటి కారు విడిభాగాలుగా బతికినంత లాభంగా నిండుగా బతకదు. అలా ఏటా కొన్ని తగ్గిపోతూనే ఉంటాయి. ఆ రాత్రి నా ముందున్నవి రెండే దారులు. వంద డాలర్ల నష్టంతో బయటపడటమా, లేక ఒక కారుని నిలబెట్టడమా?

తుప్పు ఎక్కణ్నుంచి వచ్చింది?

తలుపు కింద పొడవుగా పెట్టెలా ఉండే భాగాన్ని ఇక్కడ రాకర్ ప్యానెల్ అంటారు. మామూలు కార్లలో బరువుని పైకప్పు కూడా పంచుకుంటుంది. మూత ఉన్న చెప్పుల డబ్బాని మెలిపెట్టి చూడండి, గట్టిగా ఉంటుంది. మూత తీస్తే మెలికలు తిరుగుతుంది. పైకప్పు లేని కారుకి వెన్నెముక ఈ రెండు పెట్టెలూ, మధ్యలోని సొరంగమూనే. అవి పుచ్చిపోతే ప్రమాదం జరిగినప్పుడు కారు ఎటు మడుస్తుందో చెప్పలేం.

దీని తుప్పు బయటి నుంచి కాదు, లోపలి నుంచి మొదలవుతుంది. గుడ్డ టాపు మీద పడిన వాన వెనక అంచున ఉన్న కాలువలోకి చేరి, సీట్ల వెనక రెండు గొట్టాల్లోంచి దిగి, వెనక చక్రాల ముందు బయటికి పోవాలి. ఆ గొట్టాల్లో ఆకులూ మట్టీ పేరుకుంటే నీళ్లు లోపలికి పొర్లుతాయి. బయటి నుంచి ఉప్పు, లోపలి నుంచి నీళ్లు... ఇంకేం మిగుల్తుంది? గడ్డి కోసే మెషీన్‌కి వాడే నైలాన్ తీగతో ఏడాదికోసారి గొట్టాలు పొడిస్తే చాలు. పాత యజమానుల్లో ఎవరో ఆ పది నిమిషాల పని చేయలేదు.

సాయంత్రం బడి

వెల్డింగ్ నాకు రాదు. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం కోర్సుంటే చేరా. పగలు లాప్‌టాప్, రాత్రి నల్ల అద్దాల ముసుగు. కారు రేకు పల్చగా ఉంటుంది. ఒక్కచోట వేడి ఎక్కువైతే రేకు ఒంకర్లు పోతుంది, లేదా కన్నం పడుతుంది. అందుకే మిగ్ వెల్డర్‌తో చుక్క ఇక్కడొకటి, జానెడు అవతల ఒకటి పెట్టుకుంటూ, చల్లారనిచ్చి మధ్యలో పూరించాలి. మా మాస్టారు రెండు నెలలు తుక్కు రేకుల మీదే రుద్దించి గానీ కారు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

గరాజ్‌లో పని మొదలెట్టే ముందు బ్యాటరీ తీసేశా. మియాటాలో పెట్రోల్ ట్యాంకు సీట్ల వెనకే ఉంటుంది. దాన్నీ ఖాళీ చేసి బయటికి తీసేశా. మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టా. జింకు పూత మీద వెల్డింగ్ పడితే వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. కాబట్టి పూత గీకేసి, మాస్క్ వేసుకుని, గరాజ్ తలుపు తెరిచే పని. తలుపు చుట్టూ ఉన్న సందుల్ని కొలిచి గోడ మీద రాసుకున్నా. తలుపు చట్రానికి అడ్డంగా ఇనుప కమ్మీ బిగించా. రెండు వైపులా ఒకేసారి కోస్తే కారు నడుం వాలిపోతుంది. అందుకే ఎడమ వైపు పూర్తయ్యాకే కుడి వైపు. పుచ్చినదంతా మెరిసే ఇనుము కనిపించేదాకా కోసేసి, కొత్త రేకులు అతికించి, చివర్లో లోపలి భాగాల్లోకి మైనం స్ప్రే చేశా. ఈ ఒక్క పనికే అయిదు నెలలు పట్టింది.

కాలేజీ మాస్టారు ఓ ఆదివారం ఇంటికొచ్చారు. అతుకులన్నీ టార్చి వేసి చూశారు. ముందు వైపు జాకీ పెట్టి ఒక పక్కని పైకి లేపి ‘ఇప్పుడు తలుపు తియ్’ అన్నారు. నడుం గట్టిగా లేని కారుకి ఆ భంగిమలో తలుపు పట్టేస్తుంది. నా తలుపు తెరుచుకుంది, అంతే మెత్తగా మూసుకుంది. గోడ మీది అంకెకీ కొత్త కొలతకీ తేడా మిల్లీమీటరు లోపే. ‘పద, ఇక ఇంజిన్ చూసుకో’ అని చెయ్యి కలిపారు. కాలేజీలో ఇంజినీరింగ్ డిగ్రీ పట్టా అందుకున్నప్పుడు కూడా నాకంత గర్వంగా అనిపించలేదు.

ముందు ఆగాలి, తర్వాతే ఉరకాలి

‘టర్బో ఎప్పుడు బిగిస్తున్నావ్?’ అని ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే గోల. టర్బో ఒక్కదాంతో అయిపోదు. దానికి తట్టుకునే క్లచ్ కావాలి. 1.6 కార్ల వెనక డిఫరెన్షియల్ బలహీనం, అదీ మార్చాలి. తర్వాత రేడియేటర్, ఆ తర్వాత బ్రేకులు. అందుకే నేను వరస తిరగేశా.

మొదట నమ్మకం: టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, గొట్టాలు మార్చా. 60,000 మైళ్లకోసారి మార్చాల్సిన బెల్టు అది. ఈ 1.6 ఇంజిన్‌లో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు. కారు ఆగిపోతుందంతే, ఇంజిన్ పాడవదు.

తర్వాత ఆగడం: 1994 నుంచి వచ్చిన 1.8 మోడల్ బ్రేకులు పెద్దవి. వాటిని పాత కారుకి బిగించుకోవచ్చు. టైర్లు మందంగానే ఉన్నా తీసేశా. టైరు పక్కన ముద్రించే చివరి నాలుగు అంకెలు అది తయారైన వారమూ సంవత్సరమూ చెబుతాయి. నా టైర్ల మీద 2309 అని ఉంది. అంటే 2009లో 23వ వారం. అంత పాత రబ్బరు రాయితో సమానం.

తర్వాత తిరగడం: ఎండిపోయిన రబ్బరు బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు మార్చి వీల్ అలైన్‌మెంట్ చేయించా. తుప్పుతో బిగుసుకుపోయిన అలైన్‌మెంట్ బోల్టులు ఊడదీయడానికే రెండు శనివారాలు పోయాయి. ఈ కారులో ఎయిర్‌బ్యాగ్ డ్రైవర్‌కి మాత్రమే ఉంది, ఏబీఎస్ లేదు. అందుకని సీట్ల వెనక రోల్ బార్, దానికి మందపాటి ప్యాడింగ్ పెట్టించా. మా ఆవిడ పక్క సీట్లో కూర్చోవడానికి పెట్టిన షరతు అదొక్కటే.

చివర్లో మెదడు: నా వృత్తి ఇక్కడ పనికొచ్చింది. పాత కంప్యూటర్‌తో మాట్లాడాలంటే బానెట్ కింద చిన్న పెట్టెలో రెండు టెర్మినళ్లని తీగతో కలిపితే, చెక్ ఇంజిన్ లైటు మినుకుమంటూ తప్పేంటో అంకెల్లో చెబుతుంది. దాన్ని జాగ్రత్తగా డబ్బాలో దాచి, మెగాస్క్వర్ట్ అనే ప్రోగ్రామబుల్ ఈసీయూ పెట్టా. లోపల ఉండేది మనకి తెలిసిన పట్టికే. ఒక పక్క ఇంజిన్ వేగం, మరో పక్క దాని మీద పడే లోడు, గడిలో ఎంత పెట్రోల్ పోయాలో అంకె. తీరుబడిగా వెళ్తున్నప్పుడు ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ల గాలి, గట్టిగా తొక్కితే పెట్రోల్ పాలు పెంచాలి. ఆఫీసులో కోడ్ తేడా చేస్తే వెనక్కి తీసుకుంటాం. ఇక్కడ స్పార్క్ మరీ ముందుకి జరిపితే పిస్టన్ దెబ్బతింటుంది. దాన్ని వెనక్కి తీసుకునే బటన్ ఏదీ లేదు. అందుకే ఒక్కో గడినీ భయభక్తులతో మార్చా.

లెక్క తేలిందా?

కారుకి 2,600. రేకులు, పెయింటు 900. వెల్డర్, పనిముట్లు 1,100. బెల్టు, పంపు, గొట్టాలు 450. బ్రేకులు, సస్పెన్షన్ 1,900. టైర్లు 480. రోల్ బార్ 750. ఈసీయూ, సెన్సర్లు 900. మొత్తం 9,080 డాలర్లు. ఇది కాక కాలేజీ ఫీజు. ఆ డబ్బుకి తుప్పు పట్టని మియాటానే కొనుక్కోవచ్చని మా ఆవిడ లెక్క. నిజమే. కానీ దాని కింద ఏ బోల్టు ఎందుకుందో నాకు తెలిసేది కాదు. ఇంకో మియాటా తుక్కు కొట్టుకి పోయేది.

జపాన్‌లో మజ్దా కూడా ఈ విలువ గుర్తించింది. మొదటి తరం రోడ్‌స్టర్లని బాగుచేసిచ్చే కార్యక్రమాన్ని 2017లో ప్రకటించి, ఆపేసిన విడిభాగాలు కొన్నింటిని మళ్లీ తయారుచేయడం మొదలెట్టింది. పాతికేళ్ల కింద అమ్మిన కారుకి కంపెనీ మళ్లీ గుడ్డ టాపు కుట్టించి ఇస్తోందంటే చిన్న సంగతా!

మన దగ్గర కుదురుతుందా?

ఇలాంటి కారుని ఇండియాకి తెచ్చుకోవడం సామాన్యులకి అయ్యే పని కాదు. వాడిన కార్ల దిగుమతి నిబంధనలు అంత కఠినం. మార్పుల సంగతీ అంతే. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. అయితే ఉన్న బండిని ఉన్నట్టుగా బాగుచేసుకోవడానికి అడ్డేం లేదు. సొంత బండికి పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి, అంతే. ప్రీమియర్ పద్మిని, మారుతి 800, యెజ్డీ, చేతక్... వీటిని బాగుచేసే చేతులు మన ఆటోనగర్లలో ఇంకా ఉన్నాయి. ఆ చేతులు రిటైరైతే మాత్రం ఆ విద్య ఏ వీడియోలోనూ పూర్తిగా దొరకదు. మీ ఇంటి వెనక షెడ్డులో దుప్పటి కప్పుకుని ఏదైనా బండి ఉంటే ఈ ఆదివారమే దుప్పటి తీయండి. ముందుగా కింద తట్టి, చప్పుడు వినండి. ‘ఠంగ్’మంటే అదృష్టం. ‘డబ్’మన్నా ఫర్వాలేదు... బండి ఇంకా మీ దగ్గరే ఉందిగా!